చివరి గడిలోని అంకె

ఇస్త్రీ పెట్టె తెల్ల చొక్కా కాలరు మీద అటూ ఇటూ నడిచి, జేబు దగ్గరికి రాగానే దాని నెత్తినున్న ఎర్ర దీపం టక్కున ఆరిపోయింది.

"పోయింది," అన్నాడు మాస్టారి అల్లుడు. అంటూనే ప్లగ్గు పీకేశాడు.

"పోలేదు మహానుభావా!" వంటగది గుమ్మంలోంచి అంది ఆయన భార్య. "వేడి సరిపోతే దీపం ఆరుతుంది. చల్లబడితే దానంతటదే వెలుగుతుంది. పెళ్ళయిన నాలుగేళ్ళ నుంచీ చెబుతూనే ఉన్నా. మొన్న ఫ్రిజ్ గుర్రుమనడం ఆపిందని దాని తీగా పీకారు. రెండు లీటర్ల పాలు విరిగాయి."

"కాలిపోయాక ఏడవడం కంటే ముందే పీకడం మేలు కదే." ఆయన చొక్కాని జాగ్రత్తగా కుర్చీ వీపుకి తగిలించాడు. "నాకు ఫోన్ల డ్యూటీకి టైమైంది. మావయ్యా, విచారణ ఐదింటికి కదూ? మూడున్నరకి వచ్చేస్తాను. నాలుగింటికల్లా మీ చొక్కా సిద్ధం."

మాస్టారు తలూపారు. అల్లుడి ముఖంలోకి మాత్రం చూడలేదు. అది నేను గమనించాను.

ఆయన నాకు మాస్టారు. పన్నెండేళ్ళ కిందట మా ఊరి బడికి రెండు పాత కంప్యూటర్లు తెచ్చి, వాటిని తుడిచి, మాకు చూపించిన మనిషి. తర్వాత ఆయన ఈ నగరానికి వచ్చి, అంబులెన్సులను పంపే కంట్రోల్ రూములో సర్వర్ ఇన్‌చార్జి అయ్యారు. నేను డిటెక్టివ్‌నయ్యాను. నిన్న రాత్రి ఆయన కూతురు ఫోన్ చేసి, "పిల్లా, నాన్నని కాపాడు," అని ఒక్క మాట అంది. అందుకే తొమ్మిదింటికల్లా ఈ ఇంట్లో ఉన్నాను.

జరిగింది ఇదీ. నిన్న ఉదయం పది ముప్పై ఎనిమిదికి కంట్రోల్ రూములో తెరలన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. ఏ బండి ఎక్కడుందో, ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పే ప్రోగ్రాం ఆగిపోయింది. మళ్ళీ నడిచేసరికి పదకొండూ నాలుగు. ఆ ఇరవయ్యారు నిమిషాల్లో గుండెనొప్పితో పిలిచిన ఒక ముసలావిడకి బండి ఆలస్యంగా అందింది. ఆవిడ బతికింది. డ్రైవరు వీధి వీధీ అడుగుతూ వెళ్ళి ఆవిడని చేర్చాడు. ఆ డ్రైవరుకి నేను ముఖం తెలియకుండానే దండం పెట్టుకున్నాను. ఆవిడ బతక్కపోతే ఈ కథ వేరేలా ఉండేది.

తప్పు మాత్రం మాస్టారి మీద పడింది. సర్వర్‌లో మెమరీ నిండిపోతున్నా నెలల తరబడి పట్టించుకోలేదని అభియోగం. ఈ రోజు ఐదింటికి విచారణ. తేలితే ఉద్యోగం పోతుంది. రిటైర్ కావడానికి ఇంకా మూడు నెలలే ఉంది.

"మాస్టారూ, పది ముప్పై ఎనిమిదికి మీరెక్కడున్నారు?"

"గేటు దగ్గర. సర్వర్ గదిలో ఏసీ రిపేరు జరుగుతోంది. మెకానిక్కి గ్యాస్ సిలిండరు వచ్చింది. సంతకం పెట్టడానికి పది ముప్పై ఒకటికి దిగాను. తిరిగొచ్చింది పది నలభై ఆరుకి."

"గది తలుపు?"

"ఏసీ ఆపేశారు కదా, ఉక్క. కుర్చీ అడ్డం పెట్టి తెరిచే ఉంచాం."

"తెర లాక్ చేశారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లేదమ్మా. పదిహేను నిమిషాలే కదా అనుకున్నాను. తప్పు నాదే."

"తిరిగొచ్చాక తెర మీద ఏముంది?"

"తప్పు నాదే అన్నానుగా," అన్నారు ఆయన. క్లాసులో ఏ ప్రశ్నకీ కసురుకోని మనిషి. ఆ గొంతు నాకు కొత్త.

కూతురు కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది. "చూశావా? నిన్నటి నుంచీ ఇదే పాట. నాన్న కాకపోతే చాలు పిల్లా. చేసింది ఇంకెవరైనా సరే, నాకు అక్కర్లేదు. పట్టుకో."

మాస్టారు తన పుస్తకం నా చేతికిచ్చారు. గళ్ళ నోటుపుస్తకం. ఎనిమిదేళ్ళుగా రోజుకి మూడుసార్లు, తొమ్మిదికీ ఒంటిగంటకీ ఐదింటికీ, సర్వర్‌లో ఎంత మెమరీ అందుబాటులో ఉందో చేత్తో రాసుకున్న పుస్తకం. నిన్న తొమ్మిది గంటల వరుసలో ఉన్న అంకె: 21,350.

*

సర్వర్ గది ముందు 'స్టాంపు' నిలబడి ఉన్నాడు. యాజమాన్యం పెట్టుకున్న డిటెక్టివ్. ముందు స్టాంపు వేసి తర్వాత రిపోర్టు రాస్తాడని ఆ పేరు. నాతో ఇది మూడో కేసు. రెండింటిలో ఆయనే గెలిచాడు.

"వచ్చావా అమ్మడూ! శ్రమపడకు, అయిపోయింది." తన ఫోన్ నా ముందుకి తోశాడు. "తెరలు ఆగాయని యాజమాన్యం పిలిస్తే వచ్చి, నిన్న పది యాభైకి నేనే తీసిన ఫొటో. ఆ ముసలాయన తెర మీద ఉన్నది ఉన్నట్టు. చదువు."

ఫొటోలో ఫ్రీ అనే ఆజ్ఞ ఉంది. సర్వర్‌లో మెమరీ ఎంతుందో చెప్పమని అడిగే ఆజ్ఞ. కింద దాని జవాబు, ఒకే వరుసలో ఆరు గళ్ళు. మొత్తం ఎంత, వాడుతున్నది ఎంత, ఖాళీ ఎంత, అలా చివరి దాకా. ఆయన వేలు మూడో గడి మీద ఆగింది.

"ముప్పై రెండు జీబీల మిషన్లో ఖాళీ ఎంత? నూటతొంభై ఎంబీ. పెద్ద బిందెలో అడుక్కి అంటుకున్న చుక్క. దానికి తోడు బండ్ల వివరాలన్నీ దాచే డేటాబేసు తన లాగ్‌లో, అంటే చిట్టాలో, తనే రాసుకుంది, తొమ్మిదో నంబరు సిగ్నల్‌తో చచ్చానని. మెమరీ చాలకపోతే మిషనే పెద్ద ప్రోగ్రాంని పట్టుకుని ఆ సిగ్నల్‌తో చంపేస్తుంది. ఇంకేం కావాలి?"

"ఆరో గడి చదివారా సార్?"

"ఖాళీ అంటే ఖాళీయే కదా! ఆరోది ఎందుకు?"

నాకు మా బడి గుర్తొచ్చింది. ఒకరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చారు. క్లాసులో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. సగం పిల్లలతో, సగం మా పుస్తకాల సంచులతో. ఆయన గుమ్మంలోనే ఆగి, "చోటే లేదే!" అన్నారు. మాస్టారు నవ్వి, "సంచులు తీయండ్రా," అన్నారు. క్షణంలో మూడు బెంచీలు ఖాళీ. ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక అదే మాకు పాఠం. ఖాళీగా కనిపించే చోటు వేరు, అడిగితే దొరికే చోటు వేరు. ఆ రోజు చివరి బెంచీలో నోరు విప్పని నన్ను లేపి, మళ్ళీ చెప్పమన్నారు. తడబడుతూ చెప్పాను. మర్నాడు కంప్యూటర్ గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. నా కళ్ళకి పని నేర్పింది ఆయనే.

అదే పాఠం స్టాంపుకి చెప్పాను. "మిషను కూడా అంతే సార్. ఊరికే పడున్న చోటుని వృథా చేయదు. మళ్ళీ కావాల్సొస్తాయని డిస్కు మీది ఫైళ్ళు తెచ్చి అక్కడ పరుచుకుంటుంది. అవి బెంచీ మీద సంచులు. ఐదో గడిలో ఉన్నవి అవే. మనిషి వచ్చి చోటడిగితే సంచులు తీసేస్తుంది. అలా తీస్తే ఎంత దొరుకుతుందో ఆరో గడి చెబుతుంది. చదవండి."

ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకున్నాడు. అంకెలు లెక్కపెడుతుంటే పెదాలు కదిలాయి. "ఎనిమిది అంకెలున్నాయి. ఇరవయ్యొక్క వేల ఎంబీల పైన..."

"మూడింట రెండు వంతులు. మెమరీ అసలు నిండనే లేదు. కావాలంటే లోపలికి పదండి. నేను కీబోర్డు ముట్టుకోను. మీరే కొట్టండి."

గదిలో షిఫ్ట్ మేడమ్ ఉంది. ఫోన్లెత్తే వాళ్ళందరికీ పెద్ద. మాస్టారి కుర్చీ పక్కనే నిలబడి, కూర్చోకుండా మమ్మల్ని చూస్తోంది. "ఆ కుర్చీలో నిన్నటి నుంచీ ఎవరం కూర్చోలేదు," అంది నాతో మెల్లగా. "మా అబ్బాయి పుట్టిన రోజు నా షిఫ్టు కూడా ఆయనే చూశారు. ఆ మనిషికి మీరు చేస్తున్న పని ఊరికే పోదమ్మా."

స్టాంపు కూర్చున్నాడు.

"మెమరీ చాలక మిషనే ఒక ప్రోగ్రాంని చంపితే, ఆ సంగతి మిషన్ని నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, తన లాగ్‌లో రాసి తీరుతుంది. ఎప్పుడు, ఎవరిని, ఎందుకు అన్నీ. నిన్నటి తేదీ వెతకండి."

ఆయన వెతికాడు. ఇంకోసారి మాట మార్చి వెతికాడు. జవాబు రాలేదు. తెర మీద కర్సరు ఒక్కటే మిణుకుమంటోంది.

"తొమ్మిదో నంబరు దెబ్బ మిషనూ కొడుతుంది, మనిషీ కొడతాడు," అన్నాను. "మిషను కొడితే రాసి పెడుతుంది. మనిషి కొడితే రాయడు."

స్టాంపు జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నాడు. "పదిహేనేళ్ళుగా మూడో గడే చూస్తున్నాను," అన్నాడు తనలో తను. తర్వాత నా వైపు తిరిగి, "థాంక్స్ అనను," అన్నాడు.

"అక్కర్లేదు సార్. ఆ పాఠం నాది కాదు."

అంతలోనే ఆయన ముఖం మారింది. మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక, నేను ఏం చేశానో నాకు అర్థమైంది.

"అయితే ఎవరో చేత్తో చంపారన్నమాట. సెషన్ ఎవరిది? ముసలాయనది. పాస్‌వర్డ్ ఎవరిది? ముసలాయనది. నిర్లక్ష్యం అయితే ఉద్యోగం పోయేది, అంతే. ఇది కావాలని చేసింది. పోలీస్ కేసు! గోతిలోంచి లాగబోయి బావిలోకి తోశావు అమ్మడూ."

"ఆయన గేటు దగ్గరున్నారు."

"గేటు పుస్తకంలో టైము రాసేదెవరు? సంతకం పెట్టినవాడే. ఐదింటికల్లా ఇంకో పేరు తెచ్చావా సరే. లేదంటే నా రిపోర్టులో ఆయన పేరే ఉంటుంది."

ఫొటో మళ్ళీ అడిగి తీసుకున్నాను. మొదటిసారే నా కంటికి తగిలి, నేను పక్కన పెట్టిన సంగతి ఒకటి ఉంది అందులో.

ఫ్రీ అని మాత్రమే కొట్టారు. ఆ పక్కన ఏమీ లేదు. మాస్టారు ఎప్పుడూ అలా కొట్టరు. ఫ్రీ అని కొట్టి, ఒక చిన్న గీత పెట్టి, 'ఎమ్' కొడతారు. అప్పుడు అంకెలు ఎంబీల్లో, పొట్టిగా వస్తాయి; లేకపోతే కేబీల్లో, పొడుగ్గా. ఎనిమిదేళ్ళ పుస్తకంలో ఒక్క పొడవాటి అంకె లేదు. నిన్న పదిన్నర తర్వాత ఆ కీబోర్డు మీద పడిన చేయి, మాస్టారిని దూరం నుంచి చూసి సగమే నేర్చుకున్న చేయి.

*

ఏసీ మెకానిక్ వరండాలో సామాను సర్దుకుంటున్నాడు. వేసవిలో మధ్యాహ్నం పూట తనకి మంచినీళ్ళు అడక్కుండా ఇచ్చింది ఈ భవనం మొత్తంలో మాస్టారొక్కరేనని, అందుకే నిన్నటి నుంచీ మనసు బాగోలేదని తనే మొదలుపెట్టాడు.

"నిన్న ఆయన కిందకి వెళ్ళాక గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"వచ్చారండి. నేను నిచ్చెన మీద, తల పైకప్పు పలకల్లో. మనిషిని చూడలేదు. మాటే విన్నాను."

"ఏమన్నాడు?"

"'మావయ్యా, మావయ్యా, పైన తెరలన్నీ నెమ్మదించాయి' అంటూ వచ్చాడండి. మా మేనల్లుడు కూడా అలాగే పిలుస్తాడు. వాడేనేమో, మళ్ళీ బండి తాళంచెవి పోగొట్టుకున్నాడేమో అనుకుని గతుక్కుమన్నాను. జవాబు రాకపోయేసరికి టకటకా ఏదో కొట్టాడు. 'అయ్యో, అయిపోయింది, అంతా అయిపోయింది' అన్నాడు. ఇంకాసేపు కొట్టాడు. తర్వాత పరుగు."

"తెరలు ఎందుకు నెమ్మదిస్తాయి?"

"ఏసీ ఆపాం కదండీ. వేడెక్కితే ఏ మిషనైనా నిదానిస్తుంది. మీరూ నేనూ నిదానించమూ?"

నేను పైన ఫోన్లెత్తే హాలుకి వెళ్ళాను. ఫోన్ల మిషన్ వేరు, అది నిన్న ఆగలేదు. షిఫ్ట్ మేడమ్ ఎవరెవరు ఎప్పుడు ఏ ఫోన్ ఎత్తారో కాగితం తీసి ఇచ్చింది. మూడో కుర్చీ. పది ముప్పై రెండుకి ఒక ఫోన్. తర్వాతది పది నలభై రెండుకి. మధ్యలో పది నిమిషాలు ఏమీ లేవు. మూడో కుర్చీ ఎవరిదని నేను అడగలేదు. మనిషి టీకి వెళ్ళినట్టున్నాడు, ఖాళీ కుర్చీ వీపుకి మడత నలగకుండా తగిలించిన కోటు ఉంది. అంత చక్కటి ఇస్త్రీ ఉదయమే ఒక ఇంట్లో చూశాను.

దీపం ఆరగానే ప్లగ్గు పీకే మనిషి.

మెట్ల మీద కూర్చుండిపోయాను. మాస్టారు తిరిగి రాగానే తెర చూసి ఉంటారు. పక్కన గీతా, 'ఎమ్మూ' లేని ఆ ఫ్రీ చూసిన క్షణంలోనే అది ఎవరి చేయో ఆయనకి తెలిసి ఉంటుంది. "తప్పు నాదే" అన్నది అందుకే. "చేసింది ఇంకెవరైనా సరే" అన్న కూతురికి నేనిప్పుడు ఏమని చెప్పాలి? అక్షరం నేర్పిన మనిషి ఇంట్లో నేను దీపం పెట్టబోతున్నానో, నిప్పు పెట్టబోతున్నానో తెలియలేదు.

*

నాలుగింటికి పది నిమిషాలుంది. తెల్ల చొక్కా మళ్ళీ ఇస్త్రీ బల్ల మీద ఉంది. అల్లుడు చేతుల మడతలు దిద్దుతున్నాడు. మాస్టారు కుర్చీలో, కూతురు గుమ్మంలో.

"ఏం తేలింది పిల్లా?"

నేను పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను. ఎవరి వైపూ చూడకుండా, బెంచీల పాఠం మొదటి నుంచీ చెప్పాను. ఇన్‌స్పెక్టర్, పుస్తకాల సంచులు, మూడో గడి, ఆరో గడి. "మెమరీ నిండలేదక్కా. నిన్న ఆ సమయానికి ఇరవయ్యొక్క వేల పైన ఉంది. మాస్టారు ఏదీ నిర్లక్ష్యం చేయలేదు. డేటాబేసుని ఎవరో చేత్తో ఆపారు."

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"నిండలేదా?" అన్నాడు అల్లుడు. ఈ రెండ్రోజుల్లో ఆయన ఈ విషయం గురించి అడిగిన మొదటి మాట అదేనని తర్వాత అక్క చెప్పింది. "ఖాళీ నూటతొంభై అనే కదా ఉంది?"

ఆ అంకె నేను చెప్పలేదు. ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"అవి సంచులు బావగారూ," అన్నాను. "తీయమంటే తీసేవి."

"ఎవరు వాడు?" అక్క గొంతు పెరిగింది. "పేరు చెప్పు!"

"వచ్చినవాడు చెడు చేయడానికి రాలేదక్కా. తెరలు నెమ్మదిస్తే మాస్టారిని పిలవడానికి వచ్చాడు. ఆయన లేరు. చిన్న అంకె చూసి భయపడ్డాడు. ఇంకో విండో తెరిచి అన్నిటికంటే ఎక్కువ చోటు తింటున్నది ఏదో వెతికి, దాన్ని తీసేస్తే మిగతావి బతుకుతాయనుకున్నాడు. కాపాడదామనే చేశాడు. పేరు నేనింకా ఎక్కడా రాయలేదు. ఐదింటికి రాయకపోతే స్టాంపు మాస్టారి పేరు రాస్తాడు. ఈసారి పోలీస్ కేసుతో."

"రాయనీ," అన్నారు మాస్టారు. "తెర తెరిచి వెళ్ళింది నేను. సగం విద్య నేర్పి వదిలిందీ నేనే. అమ్మా, నువ్వు ఇంతదాకా వచ్చావు, నా అంకె తప్పు కాదని తేల్చావు. నాకది చాలు. ఆ రోజు తాళంచెవి నీకిచ్చి మంచి పనే చేశాను. ఇక్కడితో ఆపు."

అప్పుడే ఇస్త్రీ పెట్టె నెత్తిన దీపం ఆరిపోయింది.

అల్లుడి చేయి ప్లగ్గు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆయన దీపం వంకే చూస్తున్నాడు. మేమూ దాన్నే చూస్తున్నాం. గోడ గడియారం చప్పుడు వినిపించింది. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. దీపం దానంతటదే వెలిగింది.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన చేతి మడత తీరిగ్గా పూర్తి చేశాడు. చొక్కాని మాస్టారి కుర్చీ వీపుకి తగిలించి, భుజం దగ్గర ఒకసారి నిమిరాడు. బల్ల మీది పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"ఏమండీ... ఎక్కడికి?" అంది అక్క. ఆ మాట సగంలో ఉండగానే ఆమెకి అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఆపలేదు.

మాస్టారు లేవబోయారు. అల్లుడు వంగి ఆయన పాదాలు ముట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మం దిగాడు. గేటు దాటి, బస్సులు ఆగే వైపు కాకుండా ఆఫీసు వైపు తిరిగాడు.

ప్లగ్గు మాత్రం పీకలేదు.